స్కాలర్‌షిప్‌కు కోత... వార్డులో కొరత

2015 నవంబరు 25న బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ పార్లమెంటులో రాబోయే ఐదేళ్ల ఖర్చుల పద్దు చదివారు. అందులో నర్సు విద్యార్థుల సంగతి కొద్ది వాక్యాల్లోనే దాటిపోయింది. నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టేవాళ్లలో సగం మందికి పైగా సీటు దొరక్క వెనక్కి పోతున్నారు. ఇన్ని సీట్లకే డబ్బు కడతానని ప్రభుత్వం పెట్టుకున్న హద్దే దానికి కారణం. ఆ హద్దు ఎత్తేస్తాం, ఉచితంగా ఇచ్చే బర్సరీ ఆపి మిగతా డిగ్రీ విద్యార్థుల్లాగే వీళ్లకూ అప్పిస్తాం, అప్పుడు ఐదేళ్లలో పదివేల మంది దాకా అదనంగా నర్సింగ్, అనుబంధ కోర్సుల్లో చేరగలుగుతారు. ఇదీ ఆయన వాదన.

వింటే సబబుగానే తోస్తుంది. ఖజానా మీద భారం తగ్గుతుంది, సీట్లు పెరుగుతాయి, చదువుకున్నవాళ్లు ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తీర్చుకుంటారు. 2017 ఆగస్టు 1 నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఈ విధానం అమలైంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఇవాళ అంకెలతో సహా మన ముందుంది.

నర్సు విద్యార్థికిచ్చే సాయం ఆపేసినంత మాత్రాన ఆ ఖర్చు మాయమైపోదు. చేతులు మారుతుంది. ఇంగ్లండ్‌లో అది మొదట ముప్పై దాటిన తల్లుల మీద పడింది. తర్వాత వార్డుల మీద పడింది. చివరికి కొట్టాయం నుంచి కొత్తగూడెం దాకా మన దేశంలోని ఇళ్ల మీదకు వచ్చి చేరింది. ఇప్పుడు అమెరికా కూడా నర్సింగ్ పైచదువుల అప్పులకు కత్తెర వేసింది. ఇక్కడ మన రెండు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గొడవ ఏటా వింటూనే ఉన్నాం. అందుకే ఇంగ్లండ్ కథ మనం శ్రద్ధగా చదవాల్సిన కథ.

సగం చదువు వార్డులోనే

ఇంగ్లండ్‌లో నర్సు కావాలంటే మూడేళ్ల డిగ్రీలో 4,600 గంటలు పూర్తిచేయాలి. అందులో 2,300 గంటలు తరగతి గది. మిగతా 2,300 గంటలు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, ఇళ్లకు వెళ్లి చేసే ప్లేస్‌మెంట్. వారానికి ముప్పై ఏడున్నర గంటల చొప్పున లెక్కేసినా అరవై వారాలకు పైనే.

ఆ వారాల్లో ఒక రోజు ఎలా ఉంటుందో చూద్దాం. పొద్దున ఏడున్నరకల్లా వార్డులో ఉండాలి. రాత్రి డ్యూటీ దిగిపోయే నర్సు పేషెంట్లను ఒక్కొక్కరినే అప్పజెబుతుంటే చిన్న కాగితం మీద రాసుకోవాలి. ఒకరికి ఆపరేషన్ కాబట్టి నోట్లో నీళ్లు కూడా పోయకూడదు, ఇంకొకరికి షుగర్ పడిపోతోంది, మూలమంచం పెద్దాయన రాత్రంతా లేచి వెళ్లిపోతానన్నాడు. ఆ తర్వాత నర్సుతోపాటు మందుల రౌండు. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం చెడి పుండు పడుతుంది. ఎవరు ఎంత తాగారో, ఎంత మూత్రం వచ్చిందో చార్టులో ఎక్కించాలి. మధ్యాహ్నం చేయి వణికే ముసలావిడకు సూపు తాగించాలి. సాయంత్రం పైనర్సు వచ్చి ఆ రోజు గంటల కాగితం మీద సంతకం పెడితేనే ఆ పని లెక్కలోకి వస్తుంది. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. వారంలో కొన్ని రోజులు ఇదే పని రాత్రిపూట.

నిబంధన ప్రకారం విద్యార్థిని సిబ్బంది లెక్కలో కలపకూడదు. ఆమె నేర్చుకోవడానికి వచ్చిన అదనపు మనిషి. కానీ ఇద్దరు నర్సులు సెలవు పెట్టిన రోజున ఆ పక్క తిప్పేది, ఆ సూపు తాగించేది ఎవరో వార్డులో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. బీకామ్ చదివే కుర్రాడు సాయంత్రం కాఫీ షాపులో నాలుగు గంటలు పనిచేసి జేబుఖర్చు సంపాదించుకోగలడు. ప్లేస్‌మెంట్‌లో ఉన్న అమ్మాయికి ఆ నాలుగు గంటలు ఎక్కడున్నాయి?

పాత బర్సరీ ఈ సంగతి గుర్తించి పుట్టిన ఏర్పాటు. విశ్వవిద్యాలయానికి ఫీజును బ్రిటన్ జాతీయ ఆరోగ్య వ్యవస్థ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, నేరుగా కట్టేది. ఇంటి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి వెయ్యి పౌండ్లు చేతికొచ్చేవి. ఆదాయాన్ని బట్టి మరికొంత, పిల్లలుంటే వాళ్ల సంరక్షణకు భత్యం, దూరాన ఉన్న ఆసుపత్రికి వెళ్లడానికి ప్రయాణ ఖర్చులు. దర్జాగా బతికేంత డబ్బేమీ కాదు. వార్డులో చేసే పనికి తగిన జీతమూ కాదు. అయినా అప్పు లేకుండా కోర్సు గట్టెక్కించేది.

2017లో ఆ స్థానంలోకి ఏడాదికి 9,250 పౌండ్ల ఫీజు వచ్చింది. మూడేళ్లకు ఫీజు ఒక్కటే 27,750. బతకడానికి తీసుకునే అప్పు కూడా కలిపితే 50 వేలు దాటుతుంది. ఆ ఏడాది అక్కడ కొత్త నర్సు మొదటి జీతం సంవత్సరానికి 22,128 పౌండ్లు.

ఎవరు ఆగిపోయారు?

విద్యార్థులు ఊరుకోలేదు. 2016 జనవరి 9న యూనిఫాంలు వేసుకుని లండన్ వీధుల్లో ఊరేగారు. బర్సరీ తీసేస్తే మా బతుకు దివాలా అని అట్టల మీద రాసుకుని నడిచారు. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు.

అక్కడ డిగ్రీ ప్రవేశాలన్నీ యూకాస్ అనే సంస్థ ద్వారా జరుగుతాయి. 2017 జనవరి గడువుకు ఇంగ్లండ్ నుంచి నర్సింగ్‌కు వచ్చిన అభ్యర్థులు 33,810 మంది. అంతకుముందు ఏడాదికన్నా 23 శాతం తక్కువ. ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. చేరినవాళ్ల సంఖ్య మాత్రం ఆ ఏడాది అంతగా పడిపోలేదు. అంతకుముందు సీట్లకన్నా అభ్యర్థులు చాలా ఎక్కువ ఉండేవారు కాబట్టి వరస చిన్నదైనా సీట్లు నిండాయి. విధానాన్ని సమర్థించినవాళ్లు ఈ సంగతినే పట్టుకుని వాదించారు. అయితే సాయం ఆపింది సీట్లు పెంచడానికి కదా. అదనంగా వస్తారన్న ఆ పదివేల మంది రాలేదు.

ఎంతమంది తగ్గారన్నదానికన్నా ఎవరు తగ్గారన్నది ముఖ్యం. పద్దెనిమిదేళ్ల పిల్లలు కొద్దిగానే తగ్గారు. పాతికేళ్లు దాటినవాళ్లు బాగా తగ్గారు. పదేళ్లుగా అదే ఆసుపత్రిలో సహాయకురాలిగా పక్కలు సర్దిన మనిషి, పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక ఇక నర్సు కోర్సు చేద్దామనుకునే మనిషి, ఇంటి అద్దె కడుతూ 35 ఏళ్ల వయసులో 50 వేల పౌండ్ల అప్పు నెత్తికెత్తుకోవడానికి జంకింది. నా ఉద్దేశంలో ఈ కోతవల్ల జరిగిన అసలు నష్టం ఇదే. ఆమెకు ఆ ఊరు తెలుసు, ఆ ఆసుపత్రి తెలుసు. చదువైపోయాక లండన్‌కో దుబాయ్‌కో పోయే మనిషి కూడా కాదు. ఇరవై ఏళ్లు అక్కడే పనిచేస్తుంది.

దెబ్బ అన్ని విభాగాలకూ సమానంగా తగల్లేదు. అక్కడ నర్సింగ్‌లో చేరేటప్పుడే శాఖ ఎంచుకోవాలి. పెద్దల నర్సింగ్, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, మేధో వైకల్యం ఉన్నవారి సంరక్షణ. చివరి రెండింటికీ ఎక్కువగా వచ్చేది వయసు, జీవితానుభవం ఉన్నవాళ్లే. ఇంట్లో అలాంటి బిడ్డో తమ్ముడో ఉండి ఆ పని మీద మనసు పడ్డవాళ్లు చాలామంది. వాళ్లు రావడం తగ్గాక కొన్ని విశ్వవిద్యాలయాలు మేధో వైకల్య నర్సింగ్ కోర్సునే మూసేశాయి. కోర్సు మూతపడితే అధ్యాపకులు చెదిరిపోతారు, ఆ జిల్లాలో ప్లేస్‌మెంట్లు ఆగిపోతాయి. మళ్లీ తెరవాలంటే అంత తేలిక కాదు.

బిల్లు మన గడపకు

సరిగ్గా అదే సమయంలో మరో తలుపూ మూసుకుంది. 2016 జూన్‌లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తామని ఓటేసింది. యూరప్ నర్సులకూ ఇంగ్లిష్ పరీక్ష తప్పనిసరైంది. 2016 జులైలో కొత్తగా నమోదైన యూరప్ నర్సులు 1,304 మంది. 2017 ఏప్రిల్‌కు ఆ సంఖ్య 46. ఆ వేసవిలోనే అక్కడి నర్సింగ్ మండలి రిజిస్టర్‌లో చేరేవాళ్లకన్నా వదిలిపోయేవాళ్లు ఎక్కువయ్యారని తేలింది. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ఖాళీలు 40 వేల చుట్టూ తిరుగుతూ 2022 నాటికి 46 వేలు దాటాయి.

ఈ ఖాళీల్లోకి ఎవరు వెళ్లారో మనకు తెలుసు. 2022-23లో బ్రిటన్ రిజిస్టర్‌లో కొత్తగా చేరిన 52 వేల పైచిలుకు నర్సులు, మిడ్‌వైఫ్‌లలో 25 వేల మంది విదేశాల్లో చదివినవారే. వాళ్లలో భారతీయులే ఎక్కువ. 50 వేల మంది నర్సులను అదనంగా తెస్తామని 2019 ఎన్నికల్లో కన్జర్వేటివ్ పార్టీ మాటిచ్చింది. 2023లో ఆ లక్ష్యం చేరామని ప్రకటించుకుంది. అందులో పెద్ద వాటా విదేశీ నర్సులదే.

తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. విదేశీ సిబ్బందిని తెచ్చుకోవడానికి బ్రిటన్‌కు ఒక నైతిక నియమావళి ఉండేది. భారతదేశం నుంచి నర్సులను పిలవొచ్చు గానీ నాలుగు రాష్ట్రాల్లో మాత్రం వెళ్లి నియామకాలు చేయకూడదని అందులో రాసుకున్నారు. బ్రిటన్ అభివృద్ధి సాయం అందుకుంటున్న రాష్ట్రాలు కాబట్టి అక్కడి నర్సులను లాక్కోవద్దని భారత ప్రభుత్వం కోరిన ఫలితం అది. ఆ నాలుగింట్లో ఒకటి ఆంధ్రప్రదేశ్. మిగతావి మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. ఒక చేత్తో ఆసుపత్రులకు సాయం చేస్తూ మరో చేత్తో ఆ ఆసుపత్రుల నర్సులను తీసుకుపోకూడదన్న ఇంగితం ఆ నిబంధనలో ఉంది. 2021లో నియమావళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాకు అనుగుణంగా మార్చారు. ఆ జాబితాలో భారత్ లేదు. అలా ఆ నాలుగు రాష్ట్రాల హద్దూ పోయింది.

వెళ్లినవాళ్ల ప్రయాణం సులువుగా సాగలేదు. ముందు ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. కోచింగ్‌కు ఊరు వదిలి నెలల తరబడి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హాస్టల్లో ఉండాలి. తర్వాత కంప్యూటర్ పరీక్ష, దానికి 83 పౌండ్లు. బ్రిటన్ చేరాక ఓస్కీ అనే ప్రాక్టికల్, దానికి 794 పౌండ్లు. చాలా ఆసుపత్రులు ఈ ఖర్చు భరించాయి, కానీ ఫెయిలైతే వచ్చే దిగులు ఎవరూ భరించలేరు. ఓస్కీలో పది స్టేషన్లుంటాయి. ఒక్కోచోట బొమ్మ రోగి దగ్గరో, నటిస్తున్న రోగి దగ్గరో నిమిషాల లెక్కన పని చేసి చూపాలి. చేతులు ఎలా కడిగారో, తన పేరు చెప్పుకుని రోగి అనుమతి అడిగారో లేదో, చేసే ప్రతి పనీ పైకి చెబుతున్నారో లేదో పరీక్షకురాలు టిక్కు పెట్టుకుంటూ ఉంటుంది. పదేళ్లు ఐసీయూలో కళ్లు మూసుకుని కాన్యులా పెట్టిన మన సిస్టర్లకు పని చేతుల్లో ఉంటుంది, పైకి చెప్పే అలవాటు ఉండదు. అక్కడే మార్కులు పోతాయి.

ఇప్పుడు లెక్క కలిపి చూడండి. ఇంగ్లండ్ తన అమ్మాయి చదువు మీద పెట్టే ఖర్చు మిగుల్చుకుంది. ఆమె స్థానంలోకి వెళ్లిన మన అమ్మాయిని బీఎస్సీ నర్సింగ్ చదివించింది ఎవరు? పొలం మీదో బంగారం మీదో అప్పు తెచ్చిన తండ్రి. లేదంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కట్టిన మన ప్రభుత్వం. నాలుగేళ్లు చదివి, కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లు చెయ్యి తిరిగాక, సరిగ్గా కొత్తవాళ్లకు నేర్పే దశకు వచ్చాక ఆమె విమానం ఎక్కింది. వెళ్లిన అమ్మాయిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ ఆమె చేతికొచ్చే జీతం చూస్తే ఎవరైనా వెళ్లమనే అంటారు. కానీ ఆమె వదిలి వెళ్లిన ఐసీయూలో రాత్రి డ్యూటీకి నిన్నగాక మొన్న చేరిన పిల్ల మిగిలిందన్న సంగతి కూడా చెప్పుకోవాలి కదా.

సగం దారిలో వెనక్కి

ప్రభుత్వానికి తత్వం బోధపడటానికి రెండేళ్ల పైన పట్టింది. 2020 సెప్టెంబరు నుంచి నర్సింగ్ విద్యార్థులకు ఏడాదికి కనీసం ఐదువేల పౌండ్లు తిరిగి కట్టనక్కర్లేని సాయం ఇస్తామని 2019 డిసెంబరులో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం ప్రకటించింది. మానసిక ఆరోగ్యం, మేధో వైకల్యం లాంటి కొరత శాఖలకు వెయ్యి అదనం. పిల్లలున్నవాళ్లకు మరో రెండువేలు. తల్లులు, కొరత శాఖలు అని విడిగా పేర్లు పెట్టి మరీ ఇవ్వడంలోనే ఎవరిని పోగొట్టుకున్నారో ఒప్పుకున్నట్టయింది. అయితే ఫీజు మాత్రం ఎత్తేయలేదు. ఐదువేలు చేతికిస్తూ తొమ్మిదివేల చిల్లర అప్పు రాయించుకుంటున్నారు.

ఆ సాయం మొదలైన 2020లోనే కొవిడ్ వచ్చింది. ప్రపంచమంతా నర్సులకు చప్పట్లు కొట్టింది. 2021 జనవరికి బ్రిటన్ మొత్తమ్మీద నర్సింగ్ అభ్యర్థులు మూడోవంతు దాకా పెరిగి 60,130కి చేరారు. సాయం ఫలించిందని కొందరు, సేవాభావమని కొందరు అన్నారు. రెండూ ఉండవచ్చు. తర్వాతి ఏళ్లలో ఆ పొంగు చల్లారి దరఖాస్తులు మళ్లీ బాగా కిందికొచ్చాయి. 2022 డిసెంబరు 15న రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన చరిత్రలోనే అతి పెద్ద సమ్మెకు దిగింది. జీతం చాలక రోడ్డెక్కిన నర్సులను టీవీలో చూసిన ఇంటర్ పిల్ల అప్పు చేసి ఆ కోర్సులో ఎందుకు చేరుతుంది?

పక్కనే ఉన్న స్కాట్లాండ్, వేల్స్ బర్సరీని తీసేయలేదు. స్కాట్లాండ్ 2020-21 నుంచి దాన్ని ఏడాదికి పదివేల పౌండ్లకు పెంచింది. చదువైపోయాక రెండేళ్లు ఇక్కడే పనిచేస్తామని మాటిస్తే వేల్స్ పూర్తి సాయం ఇస్తుంది. అలాగని అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయనలేం. ఈమధ్య స్కాట్లాండ్‌లోనూ సీట్లు మిగిలిపోతున్నాయి. విద్యార్థికి సాయం చేసి, నర్సయ్యాక ఆమెను చాలని జీతానికి, చాలని సిబ్బందికి వదిలేస్తే మొదటి ఖర్చు సగం వృథా. ఈ రెండూ కలిపి చూసిన ప్రభుత్వాలు తక్కువ.

2025కు వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరిగింది. ఆసుపత్రుల బడ్జెట్లు బిగుసుకుని కొత్త పోస్టులు తగ్గాయి. ఇంగ్లండ్‌లోనే చదివి పాసైన నర్సులకు ఉద్యోగాలు దొరక్క, ప్రభుత్వం ఆగస్టులో వాళ్ల కోసం ప్రత్యేక హామీ ప్రకటించాల్సి వచ్చింది. శాశ్వత నివాసానికి అయిదేళ్ల బదులు పదేళ్లు ఆగాలన్న ప్రతిపాదన మేలో వచ్చింది. విదేశాల నుంచి వచ్చి చేరే నర్సుల సంఖ్య గబగబా పడిపోయింది. ఓఈటీ కోచింగ్‌కు అప్పటికే డబ్బు కట్టేసిన మన అమ్మాయిలకు ఈ కబురు ఆలస్యంగా అందింది. అవసరమైనప్పుడు తలుపు తీయడం, తీరాక వేయడం వాళ్ల చేతిలో పని. అప్పు వాయిదా మాత్రం మన ఇంటికి నెలనెలా ఠంచనుగా వస్తుంది.

అమెరికా మరచిపోయిన పాఠం

విద్యార్థి సాయంతో నర్సుల కొరత తీర్చవచ్చని ప్రపంచానికి చూపించింది అమెరికాయే. రెండో ప్రపంచయుద్ధంలో నర్సులు సైన్యంతో వెళ్లిపోయి దేశంలోని ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. ఒహైయో నుంచి ఎన్నికైన ఫ్రాన్సిస్ పేన్ బోల్టన్ అనే సభ్యురాలు 1943లో ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టంతో క్యాడెట్ నర్స్ కోర్ ఏర్పడింది. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ప్రభుత్వానివి. నెలకు 15 డాలర్లతో మొదలై 20, తర్వాత 30 డాలర్ల స్టైపెండ్. మూడేళ్ల కోర్సును 30 నెలలకు కుదించారు. బదులుగా యుద్ధం ముగిసేదాకా నర్సుగా పనిచేయాలి. జాతి వివక్ష కూడదని చట్టంలోనే రాశారు. నల్లజాతి యువతులు మూడువేల మంది దాకా చదువుకోగలిగారు. 1948లో ఆగిపోయేలోగా ఈ పథకం లక్షా 24 వేల మందిని నర్సులను చేసింది. యుద్ధం చివరి రోజుల్లో అమెరికా ఆసుపత్రుల్లో నర్సింగ్ పనిలో సింహభాగం ఈ విద్యార్థులే మోశారు.

అదే దేశంలో 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన భారీ చట్టం విద్యారుణాల స్వరూపాన్ని మార్చేసింది. పైచదువుల మొత్తం ఖర్చుకూ అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ పథకం 2026 జులై 1 నుంచి కొత్తవారికి ఉండదు. ఇకపై మామూలు పీజీ విద్యార్థికి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లు పరిమితి. వృత్తివిద్య అని గుర్తించిన కోర్సులకైతే ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలు. ఏది వృత్తివిద్య అన్నది తేల్చడానికి విద్యాశాఖ వేసిన కమిటీ 2025 నవంబరులో ఒక జాబితాకు ఒప్పుకుంది. వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, న్యాయశాస్త్రం, పశువైద్యం అందులో ఉన్నాయి. కైరోప్రాక్టిక్, మతశాస్త్రం కూడా ఉన్నాయి. నర్సింగ్ లేదు. అమెరికన్ నర్సుల సంఘం సంతకాల ఉద్యమం మొదలుపెడితే రెండు లక్షల మందికి పైగా సంతకాలు చేశారు.

నర్సింగ్ విద్యార్థుల్లో 95 శాతం మంది తీసుకునే అప్పు ఈ పరిమితిలోపే ఉంటుందని విద్యాశాఖ అంటోంది. మొదటి డిగ్రీ చదివే అమ్మాయిని ఈ పరిమితి తాకదన్నదీ నిజమే. మరి ఎవరిని తాకుతుంది? మత్తుమందు ఇచ్చే నర్స్ అనస్థటిస్టు కావాలంటే మూడేళ్ల డాక్టరేట్, ఆ మూడేళ్లూ ఉద్యోగం చేసుకునే వీలుండదు. పల్లె ఆసుపత్రుల్లో ఆపరేషన్ బల్ల దగ్గర చాలాచోట్ల ఉండేది వీళ్లే. డాక్టరు లేని ఊళ్లలో మందు రాసే నర్స్ ప్రాక్టీషనర్లకూ పీజీ కావాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పాలన్నా పీజీయో డాక్టరేటో ఉండాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. అమెరికాలో నర్సు కావాలనుకునేవాళ్లకు కొదవ లేదు, చెప్పేవాళ్లు లేరు. 2021లో అర్హత ఉన్న 91,938 దరఖాస్తులను అక్కడి నర్సింగ్ కాలేజీలు తిప్పిపంపాయి. అధ్యాపకులు చాలకపోవడం, క్లినికల్ శిక్షణకు చోటు లేకపోవడం వాళ్లు చెప్పే ప్రధాన కారణాలు. ఒక టీచరమ్మ అప్పు పుట్టక చదువు మానుకుంటే ఆమె దగ్గర ఏటా చదువుకోవాల్సిన బ్యాచ్ మొత్తం ఆగిపోతుంది. ఆ లోటు ఐదారేళ్లకు గానీ ఎవరికీ కనపడదు. అప్పటికి చట్టం చేసినవాళ్లు పదవిలో ఉండరు.

అమెరికా కొరత మనవాళ్లను ఇంగ్లండ్ లాగా వెంటనే పిలవదు. నర్సులు రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షకు హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది. పాసైనవాళ్లూ ఉన్నారు. కానీ నర్సులకు గ్రీన్‌కార్డు వచ్చే ఈబీ-3 వరసలో భారతీయులు ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే మనవాళ్ల చూపు జర్మనీ వైపు మళ్లింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి మరీ పంపుతోంది.

మన బకాయిల కథ

ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వృత్తివిద్య తలుపు పేదింటి పిల్లలకు తీసింది. ఇంజినీరింగ్ గురించి అందరూ మాట్లాడతారు. నర్సింగ్‌లో దాని ప్రభావం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన ఆసుపత్రుల్లో సిస్టర్ అంటే మలయాళీ అమ్మాయే అనుకునే రోజుల నుంచి, ఆదిలాబాద్, శ్రీకాకుళం పల్లెల అమ్మాయిలు బీఎస్సీ నర్సింగ్ చేసి అవే ఆసుపత్రుల్లో కుదురుకునే రోజులకు వచ్చాం. ఇందులో ఆ పథకం వాటా చాలా పెద్దదని నేను నమ్ముతాను.

పథకం పేరు, డబ్బు చేరే దారి ప్రభుత్వం మారినప్పుడల్లా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యాదీవెనగా మారి తల్లి ఖాతాలో పడింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీకే ఇచ్చే పద్ధతికి వచ్చింది. మారనిది ఒకటే, ఆలస్యం. తెలంగాణలో బకాయిలు ఎంత పేరుకున్నాయంటే 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బంద్ చేశాయి.

బకాయి పడితే నర్సింగ్ అమ్మాయికి ఏమవుతుంది? కాలేజీ ఫీజు మీరే కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం అంటుంది. కట్టలేకపోతే ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో ఉండిపోతాయి. ఇంజినీరింగ్ కుర్రాడు మార్కుల జాబితా జిరాక్సుతో ఏదో కంపెనీలో చేరి తర్వాత తెచ్చుకుంటానని చెప్పగలడు. నర్సుకు ఆ వీలు లేదు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా స్టాఫ్ నర్సుగా చేరకూడదు. రిజిస్ట్రేషన్‌కు సర్టిఫికెట్లు కావాలి. ప్రభుత్వ నోటిఫికేషన్‌కైనా, జర్మనీ వీసాకైనా అదే గొలుసు. నాలుగేళ్లు చదివి పాసైన నర్సు, ఖాళీలున్న ఆసుపత్రి ఒకే జిల్లాలో ఉంటాయి. మధ్యలో బీరువా తాళం ఉంటుంది. ఇక్కడ పథకాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఆలస్యం ఒక్కటే చేశారు. ఆ అమ్మాయి పోగొట్టుకున్న ఏడాది మాత్రం తిరిగిరాదు.

ఈలోగా ఆమె ఏదో చిన్న నర్సింగ్‌హోంలో రిజిస్టర్ కాని సహాయకురాలిగా, చెప్పిన జీతానికి తలూపి చేరుతుంది. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. మీ ఊళ్లో తెలిసిన సిస్టర్‌ను ఒకసారి అడిగి చూడండి, ఎంత వస్తోందని.

మనవాళ్లు చేసిన మంచి పని కూడా చెప్పాలి. 2021 చివర్లో తెలంగాణ ప్రభుత్వం సర్కారీ నర్సింగ్ కాలేజీల విద్యార్థులకు స్టైపెండ్ పెంచింది. మొదటి ఏడాదికి నెలకు 1,500 నుంచి 5,000, బీఎస్సీ నాలుగో ఏడాదికి 2,200 నుంచి 8,000 రూపాయలు. కోర్సులో భాగంగా వార్డులో చేసేది పనేనని, దానికి డబ్బివ్వాలని ఒప్పుకున్న నిర్ణయం అది. ఇంగ్లండ్ 2017లో చేసిన పనికి ఇది పూర్తిగా ఎదురు దిశ.

కానీ నర్సింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు. 2023లో కేంద్రం 1,570 కోట్లతో దేశమంతటా 157 ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు మంజూరు చేసినా ఈ తేడా ఇప్పట్లో పూడదు. క్లినికల్ పోస్టింగ్‌కు ప్రైవేటు కాలేజీల పిల్లలూ జిల్లా ఆసుపత్రులకు వస్తారు. ప్రసూతి వార్డులో సర్కారీ కాలేజీ అమ్మాయి, ప్రైవేటు కాలేజీ అమ్మాయి ఒకే షిఫ్టులో పక్కపక్కనే బీపీలు చూస్తారు, పుట్టిన బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెడతారు. ఒకరికి నెలకు ఎనిమిది వేలు వస్తాయి. రెండో అమ్మాయి బస్సు చార్జీలు ఇంటి నుంచి తెచ్చుకుంటుంది. రెండు ప్రభుత్వాలూ ఫైనలియర్ నర్సింగ్ విద్యార్థుల బకాయిలు పరీక్ష ఫలితాలు వచ్చేలోగా కట్టేసి, ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన నెలలకు ఆ రెండో అమ్మాయికీ అదే స్టైపెండ్ ఇవ్వాలి. వచ్చే బడ్జెట్లోనే మొదలుపెట్టగల పని ఇది.